గోళ్ళ గొడవ

రాత్రి రెండున్నర. చంటిది పాలు తాగి భుజం మీదే నిద్రపోయింది. త్రేన్పు ఇంకా రాలేదు, దింపితే లేస్తుంది. అందుకే ఒంటి చేత్తో ఫోన్లో కొట్టుకుంటున్నా. తప్పులుంటే సర్దుకోండి.

పొద్దున దాని బుగ్గ మీద గీత కనిపించింది. ఎర్రగా, వెంట్రుకంత సన్నగా, సరిగ్గా కంటి కింద. పక్కనే పెద్దాడు, చేతిలో బొమ్మ లారీ. ఇంక ఆలోచించేదేముంది? "రక్కావా? చంటిపిల్లనలా రక్కుతారా? పెద్దాడివి కాదూ నువ్వు?" అని అరిచేశా. వాడు లారీ కింద పెట్టి, దాని పాదం నిమిరి, "సాలీ పాపా" అన్నాడు. నోరు విప్పి ఏడవలేదు. కళ్ళలోంచి మాత్రం బొటబొటా కారిపోయాయి. వీళ్ళిద్దరూ ఇందులోనూ తిరకాసే. దానికి ఇంకా కన్నీళ్ళే రావు, ఏడుపంతా గొంతే.

మధ్యాహ్నం నిద్రలో ఉలిక్కిపడింది. రెండు చేతులూ గాల్లోకి లేచి మొహం మీద పడ్డాయి, రెండో బుగ్గ మీద ఇంకో గీత. నా కళ్ళముందే. ఆ గోళ్ళు పట్టుకుంటే ఉల్లిపొరలా మెత్తగా ఉంటాయి, అంచు మాత్రం బ్లేడే. ఇదంతా నాకు తెలియనిదా? రెండో కాన్పు నాది.

చేయని తప్పుకి సారీ చెప్పాడు వాడు. నీళ్ళు ఒలికినా, గోడ మీద పెన్సిలు గీతలున్నా ముందు వచ్చే మాట "నేను కాదు". ఇవాళ అది రాలేదు.

అసలు ఈ 'పెద్దాడివి' ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చానో. వాడికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఇరవయ్యారు రోజుల కిందటి దాకా ఈ ఇంట్లో చంటాడు వాడే. నేను ఆస్పత్రి నుంచి రాగానే ఒక్క పూటలో పెద్దాడైపోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఇదే పాట. "ఇంక అమ్మ నీది కాదురోయ్" అని ఏడిపించడం ఇంకో సరదా. నేను నవ్వాలట. వాళ్ళు నవ్వేసి వెళ్ళిపోతారు, రాత్రి వాడు పక్క తడుపుతాడు. నాలుగు నెలలుగా బాత్రూంకి తనే పరిగెత్తేవాడు, ఇప్పుడు రోజుకి మూడు చెడ్డీలు. తోబుట్టువు పుట్టాక ఇలా కొన్నాళ్ళు వెనక్కి వెళ్ళడం మామూలే, తిట్టొద్దు అన్నారు డాక్టరు గారు. తిట్టట్లేదు. ఉతుకుతున్నా.

దీనికి తోడు ఈయన నిన్న ఓ ముత్యం రాల్చారు. "రోజంతా కూర్చునే ఉంటున్నావు కదా, వాడితో కాసేపు ఆడొచ్చుగా." సరే, లెక్క వేద్దాం. నిన్న అది పదకొండుసార్లు తాగింది. సారికి అరగంట. అంటే ఐదున్నర గంటలు. దాన్ని కూర్చోవడం అంటారట! ఆ ఐదున్నర గంటలూ వాడు పుస్తకం పట్టుకొచ్చి ఎదురుగా నిలబడతాడు, నేను "ఉండు నాన్నా" అంటాను. వాడు నిజంగానే ఉంటాడు. కాసేపటికి పుస్తకం నా మోకాలి మీద పెట్టేసి వెళ్ళిపోతాడు.

వాడి గోళ్ళు మొదటిసారి తీసిన రోజు గుర్తొచ్చింది. మూడు వారాల పిల్లాడు. మిట్టమధ్యాహ్నం, కిటికీ పక్కన కూర్చుని కూడా ఈయన చేత టార్చి పట్టించా. తొమ్మిది వేళ్ళు బాగానే అయ్యాయి. చివరికి చిటికెన వేలు. గోరుతోపాటు కాస్త చర్మం కూడా తెగింది. ఆవగింజంత రక్తం. వాడు కెవ్వుమని ఒక్క ఏడుపు ఏడ్చి ఊరుకున్నాడు. నేను దీపాలు పెట్టేదాకా ఏడ్చా. "వాడు ఎప్పుడో ఊరుకున్నాడమ్మా, నువ్వెప్పుడు ఊరుకుంటావు?" అన్నారు అత్తయ్య. అప్పట్లో నోట్‌బుక్కు ఒకటి ఉండేది. ఏ వైపు, ఎన్ని నిమిషాలు, ఎన్ని డైపర్లు, అన్నీ గళ్ళు గీసి రాసేదాన్ని. ఆ రోజు గడిలో 'గోరు తెగింది. తప్పు నాదే' అని ఎర్ర పెన్నుతో రాసుంటుంది. చంటిదానికి అలాంటి పుస్తకమే లేదు. పైన చెప్పిన పదకొండు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టిందే.

ఇంతా రాసి వాణ్ణి మరీ బుద్ధిమంతుణ్ణి చేసేస్తున్నానేమో. మొన్న పొత్తిగుడ్డ కొస పట్టుకుని లాగింది వాడే, నిద్రపోతున్నదాని చెవి దగ్గర ఈల ఊదిందీ వాడే. నాకు అనుమానం ఊరికే రాలేదు. కంటి కింద గీత చూస్తే ఎవరైనా అరుస్తారు.

కాదు, అరవడం కాదు నన్ను తినేస్తున్నది. మధ్యాహ్నమే నిజం తెలిసింది. వాడికి చెప్పింది మాత్రం రాత్రి ఏడింటికి. మధ్యలో పాలు, గుడ్డలు, మళ్ళీ పాలు. వాడు వెంటనే చెప్పిన సారీ నాకు అంతసేపు పట్టింది. "నువ్వు రక్కలేదు నాన్నా. పాపే గీరుకుంది. అమ్మ ఊరికే అరిచింది, సారీ" అన్నా. వాడు లారీ తోసుకుంటూ "ఊఁ" అన్నాడు. తర్వాత కాస్త ఆలోచించి, "పాప సాలీ చెప్పాలి" అన్నాడు. నవ్వొచ్చింది. కుట్లు నొప్పెట్టేలా నవ్వా.

అప్పుడు చూశా వాడి చేతులు. చంటిదానికి సాయంత్రమే శ్రద్ధగా పది గోళ్ళూ తీశానా, వీడివి కాన్పుకి ముందు రోజు తీసినవే. గోళ్ళ కింద నల్లగా మట్టి, బొటనవేలి గోరు సగం విరిగి వేలాడుతోంది.

పడుకున్నాక తీద్దామని వాడి పక్కన కూర్చున్నా. ఈసారి టార్చి నేనే నోట్లో పెట్టుకున్నా. కుడి చెయ్యి అయింది. ఎడమ చేతికి రెండయ్యాయి. ఇది లేచింది.

ఇంకా మూడు ఉన్నాయి. ఆఁ, త్రేన్పు వచ్చింది.