సూళ్ళూరుపేట నుంచి ఎగ్మోర్ దాకా: మా అక్క కొడుకు డెంగీ, నా అనుభవం

నిన్న సాయంత్రం మావాణ్ణి డిశ్చార్జ్ చేశారు. ఇవాళ పెరుగన్నం తిని ఇంకా కావాలన్నాడు. మనసు కుదుటపడింది కానీ కోపం చల్లారలేదు. అది చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

వాడికి ఏడేళ్ళు. అక్కావాళ్ళది సూళ్ళూరుపేట పక్కన పల్లె, బావ రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. నేను చెన్నైలో, మాధవరంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. జ్వరం రావడం, రక్తపరీక్ష చేయించడం, డెంగీ అని తేలడం అన్నీ మామూలుగానే జరిగాయి. జ్వరం దిగేసరికి అక్క కొబ్బరికాయ కూడా కొట్టింది. ఆదివారం నేను వెళ్ళి చూస్తే వాడు మగతగా పడి ఉన్నాడు. కడుపునొప్పి అంటున్నాడు, తాగిన నీళ్ళు తాగినట్టే కక్కేస్తున్నాడు. డెంగీలో అసలు గండం జ్వరం దిగే సమయంలోనే. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

సూళ్ళూరుపేటలో ఒక పిల్లల డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాం. చిన్న క్లినిక్, ఒకే నర్సు. ఆయన రిపోర్టు అందుకోకముందే వాడి పాదాలు పట్టుకుని చూశారు. చల్లగా ఉన్నాయి. బొటనవేలి గోరు నొక్కి వదిలారు. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి, రాలేదు. బీపీ 90/74. "పై నంబరు చూసి బాగానే ఉందనుకోకండమ్మా. రెండింటికీ మధ్య 20 తేడా కూడా లేదు. ఇది షాకే, ఒంట్లో రక్తప్రసరణ పడిపోతోంది" అన్నారు. వెంటనే సెలైన్ పెట్టారు. ఎంత ఎక్కించారో, ఏ టైముకి బీపీ, పీసీవీ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష) ఎంతున్నాయో అన్నీ వరసగా రాసి, కింద తన ఫోన్ నంబరు వేసి ఉత్తరం ఇచ్చారు. ఫీజు ఎంతని బావ అడిగితే ముందు బయల్దేరమన్నారు. అంబులెన్స్‌లో తడ, గుమ్మిడిపూండి దాటి చెన్నై చేరడానికి ఇబ్బందేమీ కాలేదు.

ఇబ్బందంతా చెన్నైలో, ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి గుమ్మంలో. పేరు రాయను. అక్కడ మన ఆంధ్రా ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డు చెల్లుతుందని బావకి ఎవరో చెప్పారు. బిల్లింగ్ కౌంటర్‌లో అతను కార్డు తిప్పి చూసి, "స్కీమ్ డెస్క్ పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు. ఇప్పుడైతే లక్ష డిపాజిట్ కట్టండి" అన్నాడు. పిల్లాడు బయట అంబులెన్స్‌లో ఉన్నాడు, ముందు చూడండి సార్ అన్నాను. "ఫైల్ ఓపెన్ కాకుండా డాక్టర్ రారు" అన్నాడు. బావ తువ్వాల్లో కట్టుకొచ్చిన డబ్బు విప్పి బల్ల మీద లెక్కపెడుతుంటే, ఆ నోట్ల తడి చూసి అతను తన కీబోర్డు పక్కకి జరుపుకున్నాడు. మా డబ్బు సగానికి కూడా రాలేదు. బావ వంగి బల్ల కిందుగా అతని కాళ్ళకేసి చెయ్యి చాచాడు. "ఇదేమీ ధర్మాసుపత్రి కాదు, పక్కకి జరగండి, వెనక వాళ్ళున్నారు" అన్నాడతను. ఊళ్ళో ఎవరి ముందూ తల వంచని మనిషి మా బావ. ఆయన మొహం చూడలేక నేను గోడకేసి తిరిగాను.

నేను గట్టిగా అరిచాక ఒక డ్యూటీ డాక్టర్ కిందికి వచ్చాడు. అంబులెన్స్ తలుపు దగ్గరే నిలబడి, ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడిగి, దాతల్ని సిద్ధం చేసుకోమన్నాడు. వాడి చెయ్యి ముట్టుకోలేదు, నాడి చూడలేదు. ఉత్తరం ఇవ్వబోతే తీసుకోలేదు. పీసీవీ పెరుగుతోంది, చూడండి అంటే "మీరు డాక్టరా?" అన్నాడు. కాదు, కానీ రోజూ ఆ పరీక్ష చేసేది నేనే. చిన్నపిల్లల డెంగీలో నీరు బయటికి కారిపోతున్న సంగతి ప్లేట్‌లెట్ల కన్నా పీసీవీ పెరగడమే బాగా చెబుతుందని నాకు తెలుసు. ఇంతలో కౌంటర్ నుంచి కబురొచ్చింది, ఐసీయూలో బెడ్ లేదని. డిపాజిట్ అడిగినప్పుడు ఉన్న బెడ్ అప్పుడెక్కడికి పోయింది? లేదని కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు.

1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రాణం కాపాడటం అతని బాధ్యతేనని. అలాంటి కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తే ఆ మాట గట్టిగా అనండి. కానీ వాదిస్తూ కూర్చోకండి, బండి తిప్పండి.

మేం ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రికి తిప్పాం. మద్రాస్ మెడికల్ కాలేజీకి చెందిన సర్కారు సంస్థ అది. ఎమర్జెన్సీలో ఒక పీజీ డాక్టరమ్మాయి, పాతికేళ్ళు దాటి ఉండవు, వాడి పేరు అడక్కముందే పాదాలు పట్టుకుంది. సూళ్ళూరుపేట డాక్టరుగారు చూసినట్టే గోరు నొక్కి చూసింది. ఉత్తరం మొత్తం చదివి, ఆ నంబరుకి ఫోన్ చేసి ఆయనతో మాట్లాడింది. బరువు చూసి, లెక్కగట్టి సెలైన్ ఎక్కిస్తూ, మాటిమాటికీ కడుపు మీద చెయ్యి పెట్టి కాలేయం పెరిగిందేమో తడిమేది, ఊపిరితిత్తులు వినేది. నీరు తక్కువైతే షాక్, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే సెప్టిక్ షాక్‌లో సెలైన్ ఎంత వేగంగా ఎక్కించాలన్న విషయం మీద ఇదే ఆసుపత్రిలో డాక్టర్ ఇందుమతి సంతానం బృందం 147 మంది పిల్లలతో అధ్యయనం చేసి 2008లో ప్రచురించింది. పేదపిల్లలొచ్చే సర్కారు ఆసుపత్రి నుంచి అలాంటి పని రావడం నాకు గర్వంగా ఉంది.

ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. రక్తస్రావం లేనప్పుడు అక్కర్లేదన్నారు. తెల్లవారుజామున పీసీవీ దిగడం మొదలైంది, పాదాలు వెచ్చబడ్డాయి. డిపాజిట్ మాట ఎవరూ ఎత్తలేదు. వ్యాసర్పాడి నుంచి వచ్చే తెలుగు ఆయమ్మ ఒకావిడ "బిడ్డ ఒంటేలు పోసినాడామ్మా?" అని గంటగంటకీ అడిగి నర్సుకి చెప్పేది. తర్వాత వార్డులో గడిచిన రోజుల గురించి చెప్పడానికేమీ లేదు.

పెద్ద అద్దాల భవనం చూసి బండి ఆపకండి. పంపేముందు మీ ఊరి డాక్టరు చేత టైములతో సహా ఉత్తరం రాయించుకోండి. అక్క అయితే సూళ్ళూరుపేట డాక్టరుగారికి రొయ్యలు పంపాలంటోంది. ఆయన శాకాహారేమో కనుక్కోమన్నాను. ప్రైవేటు ఆసుపత్రి మీద ఆరోగ్యశాఖకి ఫిర్యాదు రాస్తున్నాను. అంబులెన్స్ రసీదు మీద మేం అక్కడ ఆగిన టైము ఉంది, దాన్నీ జతచేస్తాను. సంతకం బావే పెడతానన్నాడు.