కూరలో కలిపిన మాత్ర

ఆ ఆదివారం ఇంట్లో భోంచేసి, సాయంత్రం మూసాపేటలో మా ఎలక్ట్రికల్ షాపు పక్కనున్న పర్మిట్ రూంకి ఎప్పటిలాగే వెళ్లాను. రెండు గుక్కలు కూడా కాలేదు, ముఖం నిప్పుల్లో పెట్టినట్టయింది. గుండె దడ, వాంతులు. హార్ట్ ఎటాక్ అనుకుని ఆటోలో క్యాజువాలిటీకి తీసుకెళ్లారు.

"ఏం మాత్రలు వాడుతున్నావు?" అన్నాడు డాక్టర్. ఏమీ లేవన్నాను. మా ఆవిడ ఏడుస్తూ చేతిసంచీలోంచి ఒక స్ట్రిప్ తీసింది. డైసల్ఫిరామ్, తాగుడు మాన్పించే మాత్ర. మా బామ్మర్ది ఎక్కడి నుంచో తెచ్చిచ్చాడట. ఆ రోజే పొడి చేసి పప్పులో కలిపింది.

తాగిన మద్యం లివర్లో ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, తర్వాత అదీ విరిగిపోతుంది. ఈ మాత్ర ఆ రెండో పనిని ఆపేస్తుంది, విషం ఒంట్లో పేరుకుంటుంది. తెలియకుండా పెడితే ప్రాణం పోవచ్చని డాక్టర్ ఆమెను గట్టిగానే మందలించాడు. చివరి మాత్ర తర్వాత రెండు వారాల దాకా ముట్టుకోవద్దని నాకు చెప్పాడు.

భయంతో ముట్టుకోలేదు. అసలు కథ అక్కడ మొదలైంది. పద్దెనిమిదేళ్లుగా తాగుతున్నవాడు ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదు. మూడో రోజు టీ గ్లాసు పట్టుకుంటే సగం లుంగీ మీదే. రాత్రి గోడ నిండా చీమలు. మా ఆవిడకు ఒక్కటీ కనపడలేదు. పొద్దున్నే ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కు తీసుకెళ్లింది. ఆ పేరంటే మన ఊళ్లో ఎంత ఎగతాళో తెలుసుగా, చుట్టాలకు మాత్రం టైఫాయిడ్ అని చెప్పాం.

తొమ్మిది రోజులున్నాను. థయామిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు, వణుకు తగ్గడానికి క్లోర్డయాజిపాక్సైడ్. అది రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చారు. వార్డులో సగం మంది కల్తీ కల్లు వాళ్లే. కల్లులో ఆల్ప్రజోలం అనే మత్తుమందు కలుపుతారు కదా, దొరక్కపోతే ఫిట్సు. పక్క మంచం కుర్రాడికి నొప్పుల ఇంజెక్షన్లు అలవాటట. అది మాన్పించడానికి అతనికి బ్యూప్రినార్ఫిన్ మాత్ర ఇచ్చేవాళ్లు. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా మాట్లాడకూడదు. రోజూ పొద్దున కాసేపు చేతులతోనే క్రికెట్ స్కోరు చెప్పేవాడు.

నా లివర్ టెస్టు బాగా రాలేదు. తాగినా కిక్ తెలియకుండా చేసే నాల్ట్రెక్సోన్ కూడా ఉందిగానీ, ఇప్పుడు వద్దని అకాంప్రోసేట్ రాశారు. 333 మిల్లీగ్రాముల మాత్రలు, పూటకు రెండు, రోజుకు ఆరు. మధ్యాహ్నం డోసు షాపులో బేరాల మధ్య మర్చిపోయేవాణ్ని. సాయంత్రం ఏడింటికి తాగాలనే గుంజుడు తగ్గిందిగానీ పోలేదు.

నాలుగు నెలలకు లివర్ కుదుటపడింది. అప్పుడు నేనే అడిగాను, ఆ పాత డైసల్ఫిరామ్ మాత్రే నాకు తెలిసేలా ఇవ్వండని. డాక్టర్ నవ్వాడు. ఈసీజీ తీయించి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలన్నీ చెప్పాడు. దగ్గు సిరప్ కొనేముందు ఆల్కహాల్ ఉందేమో చూడాలి. ఆఫ్టర్‌షేవ్ వద్దు, షాపు కౌంటర్ మీది శానిటైజర్ కూడా తీసేశాను. హోమియో చుక్కలూ బంద్.

ఇప్పుడు పొద్దున టిఫిన్ అయ్యాక 250 మిల్లీగ్రాముల మాత్ర మా ఆవిడే చేతిలో పెడుతుంది. మింగేదాకా కదలదు. మొదట్లో పోలీసులా అనిపించింది. ఇప్పుడు మర్చిపోతే నేనే చేయి చాపుతున్నాను. పప్పు మాత్రం ఇంకా ముందు ఆమె తిన్నాకే తింటాను, అదో చాదస్తం.

మొన్న బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, మా ఆఫీసులో ఒకతను బాగా తాగుతున్నాడు. వాళ్లావిడ ఆ మాత్ర పేరు అడుగుతోంది, కూరలో కలుపుతుందట."

పేరు చెప్పలేదు. తాగుడు మానాలనుకునేవాళ్ల హెల్ప్‌లైన్ 14446 నంబరు రాసుకోమన్నాను. "ముందు అతన్ని ఎర్రగడ్డకు రమ్మను, నేనూ వస్తాను" అన్నాను.