సింకులో పోసిన పాలు

2021 ఏప్రిల్ చివరి వారంలో నాకు జ్వరం తగిలేనాటికి మా పాపకు మూడున్నర నెలలు. పురుడు పోసుకున్న దగ్గర్నుంచి కాకినాడలో పుట్టింట్లోనే ఉన్నాను. మొదటి రోజు ఒళ్ళు వెచ్చబడితే, బాలింతలకు పాలు గడ్డకట్టినప్పుడు వచ్చే జ్వరమే అయి ఉంటుందని అమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టింది. మూడో రోజు, పాలు పడతాయని వెల్లుల్లి దట్టించి వండిన సొరపిట్టు కంచంలో పెడితే, వీధి గుమ్మం దాకా ఘుమఘుమలాడే ఆ కూర వాసన నాకు పిసరంతైనా తెలియలేదు. అప్పుడు నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కోవిడ్ పరీక్షలో పాజిటివ్ అని తేలిన సాయంత్రం, ఎంతో ప్రయత్నించగా ఫోనులో దొరికిన ఒక వైద్యుడు, నెగెటివ్ వచ్చేదాకా బిడ్డకు పాలివ్వవద్దని చెప్పి పెట్టేశారు. అటు నుంచి అత్తయ్య కూడా, "బిడ్డకు అంటుకుంటే ఏం చేస్తామమ్మా, డబ్బాపాలు పట్టండి" అన్నారు. పాపను అమ్మ వేరే గదిలోకి తీసుకుపోయింది. ఉగ్గుగిన్నెతో పోసిన డబ్బాపాలను నాలుకతో బయటికి నెట్టేస్తూ అది ఏడ్చిన ఏడుపు గోడ ఇవతల నాకు వినిపిస్తూనే ఉండేది. ఆ ఏడుపుకి నాకు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. రొమ్ములు రాళ్ళలా బిగిసిపోతే చేత్తో పిండి, స్టీలు గ్లాసులోకి పట్టి, తీసుకెళ్ళి సింకులో పారబోసేదాన్ని. ఆక్సిజన్ 94 దగ్గర ఊగిసలాడుతోంది కాబట్టి బోర్లా పడుకోమన్నారు. పాలు నిండి సలుపుతున్న రొమ్ములతో బోర్లా పడుకోవడం ఎలాగో ఆ సలహా ఇచ్చినవారు ఆలోచించినట్టు లేదు. పక్కకు ఒత్తిగిలి పడుకునే రెండు రాత్రులు గడిపాను.

మూడో రోజు ఉదయం పాప టీకాలు చూసే పిల్లల డాక్టరుగారు ఫోనులో దొరికారు. "ఆపమన్నదెవరమ్మా? వైరస్ ఉన్నది నీ ఊపిరిలో, పాలతో అంటుకోదు. మాస్కు గట్టిగా కట్టుకో, సబ్బుతో చేతులు కడుక్కో, పట్టు" అన్నారావిడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచీ చెబుతున్నది కూడా ఇదేనని నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ పూట పాప రొమ్ము అందుకోవడానికి కాసేపు పేచీ పెట్టింది. రెండు రోజుల్లోనే పాలు తగ్గాయి; మళ్ళీ మునుపటిలా పడడానికి దాదాపు వారం పట్టింది.

జ్వరం తొమ్మిదో రోజుకు దిగింది. మెట్లెక్కితే ఆయాసం మాత్రం నెలన్నర వదల్లేదు. మంచం మీద ఉన్న ఆ రోజుల్లోనే నా పాలలో ఏం జరుగుతోందో చదవడం మొదలుపెట్టాను. తల్లి పేగులూ ఊపిరితిత్తులూ ఒక సూక్ష్మజీవిని ఎదుర్కొన్నప్పుడు, దాన్ని గుర్తుపట్టిన బి కణాలలో (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) కొన్ని రక్తంలో ప్రయాణించి వచ్చి పాలగ్రంథుల్లో కుదురుకుని, ఐజీఏ అనే యాంటీబాడీని, అంటే సూక్ష్మజీవిని పట్టి అడ్డుకునే ప్రోటీనును, అక్కడే తయారుచేస్తాయి. జంటగా అతుక్కుని ఉండే ఆ ఐజీఏ పాలలోకి దిగేటప్పుడు గ్రంథి కణాల నుంచి ఒక తొడుగు తగిలించుకుంటుంది. ఆ తొడుగు ఉండబట్టే బిడ్డ కడుపులోని జీర్ణరసాలకు తొందరగా అరిగిపోదు. గర్భంలో ఉండగా మాయ దాటి బిడ్డ రక్తంలోకి చేరే ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ సంగతి వేరు. పాలలోని ఐజీఏ చాలావరకు రక్తంలోకి పోకుండా నోటిలో, గొంతులో, పేగుల్లో పూతలా పరుచుకుని, వైరస్‌ను కణాలకు అంటుకోనివ్వకుండా అడ్డుపడుతుంది. ముర్రుపాలు పారబోయవద్దనడానికి ఇదీ ఒక కారణమే. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ వైద్య కళాశాలలో రెబెక్కా పావెల్ బృందం 2020లో, కోవిడ్ నుంచి కోలుకున్న 15 మంది తల్లుల పాలను పరీక్షించి, వాటిలో అత్యధిక నమూనాల్లో ఈ వైరస్‌ను పట్టుకునే ఐజీఏ ఉందని చూపింది.

ఇది చదివాక పారబోసిన పాల గురించి నా బాధ కొంత మారింది. ఒంట్లో యాంటీబాడీలు తయారు కావడానికి వారం పైనే పడుతుంది కాబట్టి, ఆ రెండు రోజుల పాలలో ఈ వైరస్‌కు సరిపడే ఐజీఏ పెద్దగా ఉండి ఉండదు. కానీ ఫోనులో మొదట దొరికిన వైద్యుడి మాట పట్టుకుని నెగెటివ్ వచ్చేదాకా ఆగి ఉంటే నా పాలు ఎండిపోయేవి. సరిగ్గా యాంటీబాడీలు దిగే సమయానికి పాపకు పట్టడానికి ఏమీ మిగిలేది కాదు. పాపకు ఒక్క రోజు ముక్కు కారడం తప్ప ఏమీ కాలేదు. అది పాల వల్లేనని నేను చెప్పలేను. పసిపిల్లల్లో చాలామందికి ఈ జబ్బు తేలికగానే పోయింది.

పాలిచ్చే తల్లులు టీకా వేయించుకోవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మే 19న ప్రకటించింది. కోవిడ్ వచ్చి తగ్గినవారు మూడు నెలలు ఆగాలన్నదీ అదే ప్రకటనలో ఉంది కాబట్టి నేను ఆగస్టులో కోవిషీల్డ్ వేయించుకున్నాను. అప్పటికి ఇజ్రాయెల్‌లో ఫైజర్ టీకా వేయించుకున్న 84 మంది తల్లుల మీద జరిగిన అధ్యయనం వెలువడింది. మొదటి డోసు పడిన రెండు వారాలకు 61.8 శాతం పాల నమూనాల్లో ఐజీఏ కనిపించిందనీ, రెండో డోసు తర్వాత ఒక వారానికి అది 86.1 శాతానికి చేరిందనీ, ఐజీజీ 91.7 శాతం నమూనాల్లో ఉందనీ అందులో రాశారు. నేను వేయించుకున్నది వేరే రకం టీకా కాబట్టి ఆ అంకెలను నావిగా లెక్క వేసుకోలేదు. ఆ రాత్రి కాస్త జ్వరం తగిలి ఎడమ భుజం ఎత్తలేకపోతే, పాపను కుడివైపు వేసుకుని పాలు పట్టాను.

నవంబరులో రెండో డోసు నాటికి పాపకు పది నెలలు వచ్చి, రాగిజావ తాగుతూ, పళ్ళతో కొరకడం కూడా నేర్చింది. రాత్రి పాలు మాన్పించేయమని ఇంట్లో అందరూ అన్నారు. తాగిన ఐజీఏ బిడ్డ ఒంట్లో నిల్వ ఉండేది కాదనీ, కొత్తగా తాగితేనే కొత్త పూత అనీ అమ్మకు వివరించాను. "అయితే నీ ఇష్టం, నిద్ర చాలక పొద్దున్నే నా మీద విసుక్కోకు" అని దుప్పటి కప్పుకుని పడుకుంది.