కనుపాప చెప్పే ధ్యాస కబురు

"కంట్లోకి చూసి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్య) ఉందో లేదో చెప్పేస్తారటగా?" అమలాపురం, భీమవరం వైపు తల్లిదండ్రులకి ఇప్పుడిదో కొత్త ఆశ. అంత దూరం ఇంకా రాలేదు. అయితే కనుపాపకీ ధ్యాసకీ లంకె మాత్రం నిజమే.

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే బుల్లి ముద్ద ఉంది. మెదడుకి నార్‌అడ్రినలిన్ (అప్రమత్తంగా ఉంచే రసాయనం) ఎక్కువగా అందేది అక్కణ్ణించే. మనసుపెట్టి లెక్క చేస్తుంటే అది చురుకవుతుంది, కనుపాప విచ్చుకుంటుంది. 1966లో కానెమన్, బీటీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అంకెలు గుర్తుపెట్టుకోమని చూశారు: వింటుంటే అంకె అంకెకీ పాప పెద్దదైంది, తిరిగి చెబుతుంటే తగ్గింది.

చిక్కల్లా కొలతలోనే. ఈ విచ్చుకోవడం సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. వెలుతురుకైతే పాప 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. కిటికీలో కొబ్బరాకు నీడ ఊగినా లెక్క తప్పినట్టే. కిటికీ మూసి, తెర వెలుగు కదలకుండా ఉంచి, ప్రశ్నకి ముందు అర సెకను కొలతతో పోల్చాలి. మన ముదురు గోధుమ కళ్లలో పాప అంచు మామూలు కెమెరాకి సరిగా దొరకదు, ఇన్‌ఫ్రారెడ్ కావాలి. (ఫోను ఫ్లాష్ కొట్టి చూడటం దండగ, అది వెలుతురు స్పందనే.) చూపు పక్కకి తిరిగితే పాప కోలగా, చిన్నగా కనబడుతుంది. రెప్పపాటు ముక్కలు తీసెయ్యాలి. అద్దాల పరీక్షకి అట్రోపిన్ (కనుపాపని విచ్చుకునేలా చేసే మందు) చుక్కలు వేస్తే రెండు వారాలు ఆగాల్సిందే.

నిర్ధారణ ఇప్పటికీ పాతపద్ధతే: 12 ఏళ్లలోపు మొదలై, ఆరు నెలలకి పైగా ఇంట్లోనూ బళ్లోనూ కనిపించే లక్షణాలు.