పది నిమిషాల గడువు

నేను చూసుకునే ప్రోగ్రాములో ఒక చిన్న భాగం ఉంది. కొనుగోలుదారు ఇచ్చిన పిన్‌కోడ్‌ను తీసుకుని, అక్కడికి సరుకు చేర్చడానికి ఎంత రుసుము పడుతుందో డేటాబేసును అడిగి చెప్పడం దాని పని. రుసుముల పట్టికను సిబ్బంది రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే మారుస్తారు. ప్రోగ్రాము మాత్రం అదే ప్రశ్నను పొద్దస్తమానం అడుగుతూనే ఉంటుంది. ఇలాంటి చోట జవాబును మెమరీలోనే కొంతసేపు దాచుకుంటే, అంటే క్యాష్ పెట్టుకుంటే పోలేదా అని ఎవరికైనా తోస్తుంది. నాకూ తోచింది. ఒక్క సాయంత్రం పని అనుకున్నాను, సరిగ్గా కుదరడానికి కొన్ని నెలలు పట్టింది.

మొదట జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో జతలను దాచే ఏర్పాటైన కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌తో సరిపెట్టాను. పిన్‌కోడ్ కీ (వెతికే గుర్తు), రుసుము వాల్యూ (దొరికే విలువ), అంతే. దానికి గడువు అనేదే లేదు కనుక పట్టిక మారినా, ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా పాత రుసుమే కనిపించేది. అందువల్ల ప్రతి వాల్యూ పక్కన దాన్ని రాసిన సమయాన్ని కూడా ఉంచి, చదివే ప్రతిసారీ పది నిమిషాలు దాటిందేమో చూసి, దాటితే పారేసి డేటాబేసు నుంచి కొత్తది తెచ్చుకునేలా మార్చాను. పది నిమిషాలే ఎందుకని సహోద్యోగి ఒకరు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు, చేతికి వచ్చిన అంకె వేశాను. నిజానికి ఆ ప్రశ్న వెళ్లవలసింది పట్టికను మార్చే సిబ్బంది దగ్గరికి. తాము మార్చిన రుసుము పావుగంట లోపు కనిపిస్తే తమకు ఇబ్బంది లేదని వారు చెప్పిన తరువాతే నా పది నిమిషాలకు ఒక అర్థం వచ్చింది. గడువు అనేది పాత జవాబును ఎంతసేపు భరించగలమన్న ఒప్పందం. మెమరీలో ఎంత చోటు ఉందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు గడువుతో జవాబు చెప్పబోయినప్పుడల్లా నేను దెబ్బతిన్నాను.

సమయాన్ని కొలవడంలోనే ఒక పొరపాటు చేశాను. రాసిన సమయాన్ని జావాలోని కరెంట్‌టైమ్‌మిల్లిస్‌తో నమోదు చేశాను. అది గోడ గడియారం వంటిది. సర్వరు తన గడియారాన్ని నెట్‌వర్కు ద్వారా సరిచేసుకున్నప్పుడు అది ముందుకూ జరగవచ్చు, వెనక్కూ జరగవచ్చు. వెనక్కి జరిగితే పది నిమిషాల గడువు తనంతట తానే సాగిపోతుంది. గడిచిన కాలాన్ని కొలవడానికి జావాలో నానోటైమ్ ఉంది, దానికి తేదీతో సంబంధం లేదు, వెనక్కి నడవదు. అయితే అది ఇచ్చే అంకె రుణాత్మకం కూడా కావచ్చు, పరిమితి దాటి చుట్టు తిరగనూవచ్చు. కనుక రెండు అంకెలలో ఏది పెద్దదని నేరుగా పోల్చకుండా, ఒకదానిలోంచి మరొకటి తీసివేసి ఆ తేడానే చూడాలి. గడియారాన్ని బయటి నుంచి అందించేలా రాసుకుంటే ఇంకొక సుఖం ఉంది: పరీక్షలో నిజంగా పది నిమిషాలు కాచుకోనక్కరలేదు, నకిలీ గడియారాన్ని ఒక్కసారి ముందుకు తిప్పితే చాలు.

తరువాతి చిక్కు నిశ్శబ్దంగా వచ్చింది. గడువు తీరిందా లేదా అని నేను చూస్తున్నది చదివేటప్పుడు మాత్రమే. ఒక పిన్‌కోడ్‌ను ఎవరో ఒక్కసారి అడిగి, మళ్లీ ఎవరూ అడగకపోతే, ఆ నమోదు గడువు తీరి కూడా అక్కడే కూర్చుని ఉంటుంది. ఇలాంటివి రోజురోజుకూ పేరుకుపోయి మెమరీని మింగాయి. డేటాను మెమరీలో దాచే రెడిస్ వంటి పెద్ద వ్యవస్థకూ ఈ బాధ తప్పలేదు. చదివేటప్పుడు తీసివేయడంతో పాటు, అది చాలాకాలం అనుసరించిన పద్ధతి ఒకటి ఉంది: సెకనుకు పది సార్లు, గడువు ఉన్న కీలలో నుంచి 20 కీలను యాదృచ్ఛికంగా ఎంచి చూస్తుంది, గడువు తీరినవాటిని తొలగిస్తుంది, వాటి సంఖ్య నాలుగో వంతు కన్నా ఎక్కువగా ఉంటే వెంటనే మరో 20 చూస్తుంది. మొత్తం వెతకకుండానే చెత్త ఒక హద్దులో ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూసే మన వంటింటి పద్ధతి ఇదే కదా అనిపించింది.

నా అవసరానికి అంతకన్నా తేలికైన దారి ఉందని ఆలస్యంగా గ్రహించాను. అన్ని నమోదులకూ ఒకే గడువు ఉన్నప్పుడు, ముందు రాసినది ముందే తీరుతుంది. కనుక రాసిన క్రమంలోనే వాటిని ఒక వరుసలో నిలబెడితే, గడువు తీరినవి ఎప్పుడూ వరుస ముందు భాగంలోనే ఉంటాయి. ముందున్నది తీరకపోతే వెనకున్నదేదీ తీరలేదని నిశ్చయం. కొత్తది రాసే ప్రతిసారీ ముందు నుంచి ఒకటి రెండు తీసివేస్తే సరిపోతుంది, ఊడ్చడానికి వేరే థ్రెడ్ (ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పని) కూడా అవసరం లేదు. ఒక్కొక్క నమోదుకు ఒక్కొక్క గడువు ఉన్నప్పుడు మాత్రం ఈ వరుస పనికిరాదు. ఆవకాయకూ రోటి పచ్చడికీ ఒకే గడువు పెట్టలేము కదా. అటువంటి చోట పరిశోధకులు జార్జ్ వర్గీస్, టోనీ లాక్ 1987లో వివరించిన టైమర్ చక్రాలు ఉపయోగపడతాయి: గడియారపు ముఖంలాగా గళ్లుగా విభజించిన చక్రంలో, ఏ నమోదు ఎప్పుడు తీరుతుందో ఆ గడిలో దాన్ని వేస్తారు, ముల్లు ఆ గడికి చేరినప్పుడు అందులోనివి తీసివేస్తారు. జావాలో క్యాష్ కోసం ముందే రాసిపెట్టిన కోడైన కెఫీన్ లైబ్రరీ వేర్వేరు గడువుల కోసం ఇదే ఏర్పాటును వాడుతుంది. నేను చివరికి నా సొంత కోడు తీసివేసి ఆ లైబ్రరీకే మారాను. ముందే మారవలసింది.

మారిన కొత్తలోనే నేను చేసిన అసలు తప్పు జరిగింది. అందులో గడువును రెండు విధాలుగా చెప్పవచ్చు: రాసినప్పటి నుంచి లెక్కపెట్టమనవచ్చు, లేదా చివరిసారి చదివినప్పటి నుంచి లెక్కపెట్టమనవచ్చు. ఎక్కువగా వాడేవి మెమరీలోనే ఉంటే మంచిదని తలచి నేను రెండోది ఎంచుకున్నాను. ఫలితం ఊహించవచ్చు. జనసమ్మర్దం ఉన్న నగరాల పిన్‌కోడ్‌లను ప్రతి నిమిషమూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అడిగిన ప్రతిసారీ పది నిమిషాలు మళ్లీ మొదలవుతాయి, కాబట్టి వాటి గడువు ఎన్నటికీ తీరదు. మారుమూల పల్లెలకు సరైన రుసుము, అందరూ వాడే చోట్లకు మూడు రోజుల నాటి రుసుము! చదివినప్పటి నుంచి లెక్కించే గడువు లాగిన్ సెషన్ల వంటి వాటికి తగినది. బయట మారుతూ ఉండే విషయానికి రాసినప్పటి లెక్కే ఉండాలి. మెమరీ పెరగకుండా చూడటానికి ఎన్ని నమోదులు ఉండవచ్చో విడిగా ఒక పరిమితి పెట్టాలి. రెండు ప్రశ్నలను కలిపేయడం వల్ల వచ్చిన తిప్పలివి.

ఇక గడువు తీరే క్షణం సంగతి. ఒక నగరపు పిన్‌కోడ్ గడువు తీరగానే, అదే క్షణంలో దాన్ని అడుగుతున్న వంద థ్రెడ్లూ జవాబు లేదని చూసి, వందా కలిసి డేటాబేసు మీద పడతాయి. ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ మెమ్‌క్యాష్ అనే క్యాష్ వ్యవస్థ గురించి 2013లో ప్రచురించిన పత్రంలో ఈ తొక్కిసలాటను ప్రస్తావించారు. కొత్త వాల్యూ తెచ్చే అనుమతిని ఒక్కొక్క కీకి ఒక్కరికే ఇచ్చే ఏర్పాటు చేశాక, తొక్కిసలాట ఎక్కువగా జరిగే కీల విషయంలో డేటాబేసుకు వెళ్లే ప్రశ్నల గరిష్ఠ వేగం సెకనుకు 17 వేల నుంచి 1,300కు తగ్గిందని అందులో రాశారు. ఒకే ప్రోగ్రాము లోపలైతే ఆ ఏర్పాటు కెఫీన్‌లో ముందే ఉంది: కీతో పాటు తెచ్చే విధానాన్ని కూడా ఇస్తే ఒక్క థ్రెడ్ తెస్తుంది, తక్కినవి దాని కోసం ఆగుతాయి. ఆగడం కూడా ఇష్టం లేనివారు, గడువు కన్నా ముందు ఒక తాజాపరిచే సమయాన్ని పెట్టుకోవచ్చు. ఆ సమయం దాటాక అడిగినవారికి పాత జవాబే ఇస్తూ వెనుక కొత్తది తెప్పించుకుంటుంది. నేను ఆరు నిమిషాలకు తాజాపరచడం, పది నిమిషాలకు గడువు తీరడం అని పెట్టాను.

లేని పిన్‌కోడ్ గురించి కూడా ఒక మాట. పొరపాటున టైపు చేసిన అంకెకు డేటాబేసులో జవాబు ఉండదు. జవాబు లేదన్న సంగతిని దాచుకోకపోతే ఆ ప్రశ్న ప్రతిసారీ డేటాబేసు దాకా వెళుతుంది. వెబ్‌సైటు పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్‌లో లేని పేర్లను కూడా గడువు పెట్టి గుర్తుంచుకునే నియమాన్ని 1998లోనే స్థిరపరిచారు. నేను 'లేదు' అన్న జవాబుకు ఒక్క నిమిషం గడువు ఇచ్చాను, ఎందుకంటే కొత్త పిన్‌కోడ్ చేర్చిన మనిషి దాన్ని వెంటనే పరీక్షించి చూస్తాడు.

ఇంత చేసినా ఒకటి మిగిలింది. మా ప్రోగ్రాము నాలుగు యంత్రాల మీద నడుస్తుంది, నాలుగింటికీ ఎవరి మెమరీ వారిది. పట్టిక మారిన తరువాతి కొన్ని నిమిషాలలో, ఒకే కొనుగోలుదారు పేజీని రెండు సార్లు తెరిస్తే ఒకసారి పాత రుసుము, మరోసారి కొత్త రుసుము కనిపించవచ్చు. ఒక్కొక్క యంత్రం తన ఒప్పందాన్ని నిలబెట్టుకుంటూనే ఉంది, కానీ వాటిలో వాటికి ఒప్పందం లేదు. గడువు తగ్గించి చూశాను, తేడా కనిపించే సమయం తగ్గింది తప్ప పోలేదు. చివరికి రుసుమును చూపించే చోట మాత్రమే క్యాష్‌ను ఉంచి, డబ్బు తీసుకునే చోట నేరుగా డేటాబేసునే అడిగేలా మార్చాను. రెండు అంకెలూ వేరైతే కొనుగోలుదారుకు కొత్త రుసుము చూపి, సమ్మతమేనా అని అడిగిన తరువాతే ముందుకు వెళుతుంది.