నెమలి ఈకకు పడిన బ్లూగిల్

నిన్న మినెసోటాలో, మినెటోంకా సరస్సు మంచుకు రంధ్రం చేసి, నేను కట్టిన మొదటి ఫ్లైని, అంటే కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులా చేసిన ఎరను, నీళ్లలోకి వదిలాను. 14వ నంబరు కొక్కేనికి టంగ్‌స్టన్ పూస ఎక్కించి, నెమలి ఈక పోగు చుట్టాను, అంతే. వడ్లగింజ కన్నా కాస్త పెద్దది. దాన్ని కట్టడానికి మూడు రాత్రులు పట్టింది, దారం తెగుతూనే ఉంది.

బ్లూగిల్ అనే ఈ చిన్న మంచినీటి చేప చలికాలంలో గాలాన్ని గట్టిగా లాగదు. ఎరను నోట్లోకి పీల్చి, నచ్చకపోతే వెంటనే ఉమ్మేస్తుంది. అందుకే చేప ముట్టిందో లేదో చూపే, కర్ర కొసనున్న సన్నటి స్ప్రింగు మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నా. ఎర ఆడించడం ఆపగానే స్ప్రింగు వెంట్రుకవాసి పైకి లేచింది. అరచేయంత చేప! నెమలి పోగు ఇంకా దాని పెదవి అంచున మెరుస్తోంది. ఎంత సంతోషమేసిందో! మెల్లగా కొక్కెం తీసి మళ్లీ నీళ్లలోకి వదిలేశాను. ఈ రాత్రి ఇంకో రెండు కడతాను.