కాడి మరపడం: నా ఎం2 తొలి 2,000 కిలోమీటర్లు

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. కోడెను తొలిసారి కాడి కిందికి తెచ్చి పనికి అలవాటు చేయడాన్ని మావైపు ‘మరపడం’ అంటారు. పక్కన పని తెలిసిన ఎద్దును కట్టి, మొదట వట్టి బండి లాగిస్తారు. ఆ తర్వాత మెత్తటి నేలలో నాలుగు చాళ్లు. వగర్చకముందే విప్పేస్తారు. అలాగని కొట్టంలోనే కట్టేసి మేపితే ఆ కోడె ఏనాటికీ కాడికి రాదు. 2025 జులైలో బీఎండబ్ల్యూ ఎం2 కారు తాళం నా చేతికొచ్చిన రోజు నాన్న ఫోన్‌లో అడిగిన మొదటి మాట: “ఎన్నాళ్లు మరపాలంటరా దాన్ని?”

రెండు వేల కిలోమీటర్లు అంటుంది కంపెనీ. అప్పటిదాకా ఇంజన్ 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటకూడదు, వేగం 170 దాటకూడదు, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కకూడదు, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకూడదు. 170 మాట మన రోడ్ల మీద రానేరాదు. మిగతా మూడూ పాటించడానికి నాకు ఏడు వారాలు పట్టింది. బండి కొన్న వారంలోనే ‘ఇప్పటి ఇంజన్లకు రన్నింగ్-ఇన్ (కొత్త బండిని ఇలా మరపడం) ఏంటి మామా’ అన్న స్నేహితులున్నారు, ‘రెండు వేలు అయ్యేదాకా 2,000 ఆర్‌పీఎం దాటించకు’ అన్నవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ తప్పేనని నా నమ్మకం.

ఎందుకో చెప్పాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఇందులో ఉన్నది ఎస్58 ఇంజన్. 2,993 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు, వాటిలోకి గాలిని ఒత్తి పంపే రెండు టర్బోలు, 480 హార్స్‌పవర్. ఒక్కో సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 84 మిల్లీమీటర్లు. అల్యూమినియం బ్లాకులో ఇనుప లైనర్లు దించకుండా, బోరు గోడ మీద కరిగిన ఇనుమును స్ప్రే చేసి పలచటి పూత వేస్తారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగు ఆ గోడను తన సొంత బిగువుతో మాత్రమే అంటుకుని ఉండదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే గ్యాసు రింగు వెనక్కి చేరి దాన్ని గోడకు అదుముతుంది. రింగు అంచూ గోడా ఒకదానికొకటి అమరేది ఆ ఒత్తిడిలోనే. బండిని మరీ మెల్లగా నడిపితే ఆ ఒత్తిడి చాలదు, అమరిక ఆలస్యమవుతుంది. మొదటి రోజే చితక్కొడితే ఇంకా నున్నబడని చోట్ల వేడి పుట్టి గీతలు పడొచ్చు. ఫ్యాక్టరీల్లో పనితనం ఎంతో మెరుగైంది, పాతకాలపు అంబాసిడర్ వెనక ‘రన్నింగ్ ఇన్’ అని రాసుకు తిరిగినంత అవసరం ఇప్పుడు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంజన్ ఒక్కటే కాదు కదా. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌లో చిన్న పినియన్ చక్రం పళ్లూ పెద్ద క్రౌన్ చక్రం పళ్లూ ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. అవి కుదురుకోవడానికీ సమయం కావాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

టర్బో బండిలో ఇంకో చిక్కుంది. నాకు అర్థమవడానికి మూడు వందల కిలోమీటర్లు పట్టింది. ఈ ఇంజన్ పూర్తి టార్క్ (తిప్పే బలం), అంటే మాన్యువల్ గేర్లున్న నా బండిలో 550 న్యూటన్ మీటర్లు, 3,000 ఆర్‌పీఎం లోపే వచ్చేస్తుంది. ఆర్‌పీఎం ముల్లు 5,500 దాటలేదు కదా అని ధీమాగా ఉంటే సరిపోదు. 3,000 దగ్గర పెడల్ పూర్తిగా నొక్కినా సిలిండర్‌లో ఒత్తిడి పూర్తిగా పడుతుంది. అందుకే ముల్లు కన్నా కుడికాలిని ఎక్కువ కాపలా కాశాను. మొదటి 500 కిలోమీటర్ల దాకా సగం పెడల్, 4,000 ఆర్‌పీఎం. తర్వాత 1,200 దాకా 4,500. ఆపైన అప్పుడప్పుడు 5,000, పెడల్ ముప్పావు వంతు. ఈ మెట్లు నేను పెట్టుకున్నవి, కంపెనీవి కావు.

మొదటి రోజే వాన. ఓడోమీటర్ మీద 41 కిలోమీటర్లున్న బండిని హైదరాబాద్ గచ్చిబౌలి నుంచి ఇంటికి తేవడానికి గంటన్నర పట్టింది. కొత్త టైర్ల పైపొర ఇంకా పోలేదు, రోడ్డు తడి, వెనక చక్రాలకు అంత బలం. వైపర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినకుండా, స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకుని వచ్చాను. టైర్లకు 300 కిలోమీటర్లు, బ్రేకులకూ క్లచ్‌కూ 500 దాకా ఓపిక పట్టాలి. ఆ తొలి 500 చాలావరకు తెల్లవారుజామున ఊళ్లోనే చేశాను. స్టార్ట్ చేశాక నిలబెట్టి వేడి చేయలేదు. అర నిమిషంలో కదిలి, ఆయిల్ 80 డిగ్రీలకు వచ్చేదాకా 2,500 లోపే ఉంచాను. చల్లగా ఉన్నప్పుడు టాకోమీటర్‌లో (ఆర్‌పీఎం చూపే మీటరు) హెచ్చరిక గీత కిందికి దిగి ఉంటుంది. ఆయిల్ వేడెక్కేకొద్దీ అది పైకి జరుగుతుంది. ఆ గీత కదలడం చూస్తూ నడపడం నాకు రోజూ ఇష్టమైన పనైంది.

ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు. ఒక చుట్టు వేస్తే పని అయిపోతుందనుకుంటారు చాలామంది. ఆరో గేరులో 120 దగ్గర క్రూజ్ కంట్రోల్ పెట్టి చుట్టి వస్తే ముల్లు 3,000 కింద ఒకేచోట కూర్చుంటుంది. మరపడానికి అది అన్నిటికన్నా పనికిరాని పద్ధతి. నేను ఉదయం 5 గంటలకు ఎక్కి, వెనక ఎవరూ లేనప్పుడు ఎడమ వరుసలో మూడో గేరులో 80 నుంచి 100 దాకా నిలకడగా లాగించి, కాలు పూర్తిగా తీసి, గేరులోనే మళ్లీ 80కి దిగనిచ్చేవాణ్ని. లాగినప్పుడు రింగులు గోడకు అదుముకుంటాయి. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో వాక్యూమ్ ఏర్పడి రింగుల దాకా ఆయిల్ ఎగబాకుతుంది, అరిగిన పొడిని కడుగుతుంది. పది పన్నెండు సార్లు ఇలా చేసి, తర్వాత అయిదో గేరులో పది నిమిషాలు హాయిగా పోనిచ్చి, మళ్లీ మొదలు. రెండు ఉదయాలు, రెండు చుట్లు.

అసలైన బడి శ్రీశైలం దారి. నాలుగింటికి బయల్దేరి, ఆరింటికి మన్ననూరు గేటు తెరిచే వేళకు అక్కడున్నాను. అడవిలో వేగానికి హద్దుంది, ఉండాలి కూడా, అది పులుల అడవి. ఆ వేగానికి రెండో గేరు, మూడో గేరు చక్కగా సరిపోయాయి. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త లోడు, దిగేటప్పుడు ఇంజన్ బ్రేకు, మలుపు మలుపుకీ గేరు మార్పు. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే క్లచ్ నా కాలికి అమరడం తెలిసింది. వెళ్లేటప్పుడు బిగుసుగా పడిన రెండో గేరు, వచ్చేటప్పుడు రెండు వేళ్లతో పడింది. ఆ ఒక్క పగలు బండిలో తెచ్చిన మార్పు మొత్తం ఔటర్ తేలేదు.

తర్వాతి వారం నాన్న దగ్గరికి. నార్కెట్‌పల్లి దగ్గర మలుపు తీసుకుని మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా. నార్కెట్‌పల్లికి ముందే తప్పు జరిగింది. బస్సును దాటుతుంటే అది నావైపు జరిగింది. బయటపడడానికి మూడో గేరులో పెడల్ గట్టిగా తొక్కాను. ముల్లు 6,000 దగ్గరికి పోయి వచ్చింది. రోడ్డు పక్కన ఆపి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాను.

ఊళ్లో నాన్నకు అదే చెప్పాను. ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి, ఇంజన్ తిరుగుతుండగా కాసేపు విన్నాడు. “ఒకసారి జడిసి దూకినంత మాత్రాన కోడె చెడదు లేరా. సమానంగా తిరుగుతోంది” అన్నాడు. 1994లో మా కొత్త ట్రాక్టరుకు మొదటి 50 గంటలు ఆయన ట్రాలీలో సగం బరువే వేశాడు. 50 గంటలయ్యాక తీసిన నూనెను దోసిట్లో పట్టి, ఎండకు అటూ ఇటూ వంచి చూపించాడు నాకు. సన్నటి మెరుపులు. అప్పుడు నాకు పదకొండేళ్లు. మెషీన్ల మీద నాకు ప్రేమ పుట్టింది ఆ దోసిలి చూశాకే. “ఈసారి నూనె నువ్వు చూసి నాకు చెప్పు” అన్నాడు బయల్దేరేటప్పుడు.

2,040 కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు ఇచ్చాను. ఎం కార్లకు ఇది తప్పనిసరి. ఇంజన్ ఆయిలూ ఫిల్టరే కాదు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మార్చాలి. దగ్గరుండి చూస్తానని ముందే అడిగి అనుమతి తీసుకున్నాను. ఇంజన్ నుంచి ఏడు లీటర్ల దాకా దిగింది. రంగు తేనెకన్నా కాస్త ముదురు, టార్చి వేస్తే అక్కడక్కడ పొడిలాంటి తళుకు. డిఫరెన్షియల్ నూనె వేరు. నల్లగా, బూడిద కలిపినట్టు చిక్కగా ఉంది. గిన్నెను వంచితే మెరుపు చారలు చారలుగా కదిలింది. పళ్లు కుదురుకున్న రెండు వేల కిలోమీటర్ల పని అది. వేలికి రాసుకుని చూశాను, గరుకు తగల్లేదు. ఫొటో నాన్నకు పంపాను.

రెండు వేలు దాటగానే అంతా తెరుచుకోదు. 5,000 కిలోమీటర్ల దాకా మెల్లమెల్లగా పెంచాలి. వారానికో 300 ఆర్‌పీఎం చొప్పున పెంచుకుంటూ పోయాను. సెప్టెంబరు చివర ఒక ఆదివారం తెల్లవారుజామున, ఔటర్ మీద, ఆయిల్ 100 డిగ్రీల దగ్గర నిలిచాక, రెండో గేరులో మొదటిసారి పెడల్ అడుగంటా నొక్కాను. 5,500 దాటాక ఆ ఇంజన్ గొంతు మారుతుంది, అప్పటిదాకా నేనది పూర్తిగా వినలేదు. ముల్లు 7,200 అంచుకు చేరేసరికి వేగం 110. కాలు తీశాను.

తర్వాత చదునైన చోట ఆపి, స్క్రీన్ మీద ఆయిల్ మట్టం చూశాను. ఈ బండికి డిప్‌స్టిక్ లేదు. సర్వీసు నాటి గీత దగ్గరే ఉంది. ఉదయం ఏడు కూడా కాలేదు, అయినా నాన్నకు ఫోన్ చేశాను.